పద్దెనిమిది వేల మరపు

నాలుగు బోనాల పండుగలు వెళ్లిపోయాయి. ఆ మాట బరువు మాత్రం నా గుండెల మీంచి దిగలేదు. నేనే అన్న మాట. ఒక మనిషి పొట్ట కొట్టిన మాట. మా ఆయనకు తెలియదు, పిల్లలకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను చదివింది ఐదో తరగతి. పెళ్లయి గుంటూరు వైపు నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చాను. మా ఆయన చిన్న కాంట్రాక్టరు. సర్కారు బిల్డింగులకు రిపేర్లు, రంగులు, బాత్రూములు చేయిస్తాడు. ఆయన దగ్గర కాగితం నిలవదు. ఎక్కడ పెడతాడో ఆయనకే తెలియదు. అందుకని మా ఇంట్లో కాగితం నేనే. ఏ మేస్త్రీకి ఏ రేటు ఒప్పుకున్నాం, ఎవరు ఏ రోజు ఎంత అడ్వాన్సు పట్టుకెళ్లారు, ఏ లోడులో సిమెంటు బస్తా తక్కువ వచ్చింది, అన్నీ గ్లాసులు కడుక్కుంటూ చెప్పేదాన్ని. పని దగ్గర తగాదా వస్తే ఇద్దరూ మా వరండాలోకి వచ్చేవాళ్లు. ఆ రోజు ఎవరేమన్నారో వాళ్ల గొంతులతో సహా చెప్పేదాన్ని. వాళ్లు నవ్వేసి వెళ్లిపోయేవారు. అప్పుడు నాకెంత గర్వంగా ఉండేదో! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

యాదగిరి టైల్స్ మేస్త్రీ. నల్లగొండ దగ్గర పల్లె. పదేళ్లు మా దగ్గర కూలికి చేశాడు. మా ఆయనను అన్నా అనేవాడు, నన్ను వదినే అనేవాడు. ఎన్నాళ్లని కూలికి చేస్తావు, నీ పేరు మీద జీఎస్టీ నంబరు తీసుకో, టైల్స్ పని మొత్తం నీకే ఇస్తాం, నువ్వు మాకు బిల్లివ్వు అని పురికొల్పింది మేమే. నంబరు వచ్చింది. కార్డులు అచ్చు వేయించుకున్నాడు. మొదటి కార్డు నా చేతికిచ్చి దేవుడి దగ్గర పెట్టమన్నాడు. పసుపు రాసి వెంకటేశ్వరస్వామి పటం వెనక పెట్టాను.

అప్పుడే ఎల్బీనగర్ దగ్గర ఒక చిన్న సర్కారు దవాఖాన పని వచ్చింది. అలాంటి పనుల మీద టాక్స్ అప్పట్లో నూటికి పన్నెండు. టైల్స్ పని రేటు మా వరండాలోనే మాట్లాడుకున్నారు. యాదగిరి ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్నాడు. రెప్పల మీద టైల్ కోసిన దుమ్ము తెల్లగా ఉంది. నేను అల్లం టీ పోస్తున్నాను.

"అన్నా, రేపు టాక్స్ గిట్ల పెరిగితే ఎట్ల? నాకైతే ఏం సమజ్ గాదు," అన్నాడు.

మా ఆయన, "పెరిగినా తగ్గినా టాక్స్ సంగతి నాది. నీ కూలి నీది. దాని జోలికి నేను రాను," అన్నాడు.

యాదగిరి నా వైపు తిరిగి, "ఇన్నవు గదా వదినే? ఇగ కాయితమెందుకు?" అన్నాడు.

"కాగితమైతే చిరిగిపోద్ది. నేను చిరగను," అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ నవ్వు కూడా గుర్తుంది.

పని సగంలో ఉండగా, సరిగ్గా బోనాల నెలలో, పన్నెండు పద్దెనిమిది అయింది. మా ఆయన పని ఇచ్చిన ఆఫీసుకు వెళ్లి అడిగాడు. మీరు రాసిచ్చిన మొత్తంలో టాక్స్ కలిసే ఉంది, పైన పైసా రాదన్నారు. అంటే నూటికి ఆరు రూపాయలు మా చేతిలోంచి పోవాలి. చిన్న పనుల్లో మిగిలేదే అటూ ఇటూ అంత. ఆయన ఆ వారమంతా సరిగా అన్నం తినలేదు. చిట్టీ కట్టాలి, పెద్దవాడి కోచింగు ఫీజు కట్టాలి. నేను ఇంట్లో తిరుగుతూ ఆ ఆరు రూపాయలనే తిట్టుకునేదాన్ని.

అప్పుడు యాదగిరి వచ్చాడు. ఆదివారం, మధ్యాహ్నం. నేను గోంగూర ఒలుస్తున్నాను. అతని బిల్లు మూడు లక్షలు. పెరిగిన టాక్స్ పద్దెనిమిది వేలు పైన కలిపి ఇమ్మన్నాడు.

మా ఆయన తల గోక్కున్నాడు. "నాకు సరిగా గుర్తులేదయ్యా. టాక్స్ కలిపి మాట్లాడుకున్నామో, విడిగా అనుకున్నామో. నాలుగు చోట్ల నాలుగు రకాలుగా మాట్లాడుతుంటాను. మీ వదినను అడుగు. ఆవిడ ఏదంటే అదే. ఇమ్మంటే ఇప్పుడే ఇచ్చేస్తాను."

ఆయన నిజంగానే మరిచిపోయాడు. నిజంగానే ఇచ్చేసేవాడు. ఇది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోండి. తప్పులో ఆయనకు భాగం లేదు.

యాదగిరి ధీమాగా నా వైపు చూశాడు. ఇక పని అయిపోయినట్టే అన్నంత ధీమా. "జెప్పు వదినే."

"నాకు గుర్తులేదు," అన్నాను.

అతను నవ్వాడు. "మజాక్ జెయ్యకు వదినే. గీ కుర్చీలనే గూసున్న. అల్లం చాయ్ వోసినవు."

"నిజంగానే గుర్తులేదు యాదగిరీ."

నవ్వు మెల్లగా పోయింది. నా ముఖంలో ఏదో వెతుకుతున్నట్టు చూశాడు. దొరికిందనుకుంటాను. తల దించుకున్నాడు.

"నీకే యాదికి లేదంటే ఇగ ఎవలకుంటది తియ్యి," అన్నాడు.

పెరిగిన టాక్స్ కూడా ఒప్పుకున్న మొత్తంలోనే కలిపేసి బిల్లు రాశారు. అది అతని కూలిలోంచే పోయింది. వెళ్లేముందు టీ గ్లాసు ఎప్పటిలాగే కుళాయి దగ్గర కడిగి బోర్లించాడు. విసిరికొట్టినా బాగుండేది.

ఎందుకన్నాను? చిట్టీ కోసమా? ఫీజు కోసమా? చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ నన్ను నేను ఎన్నిసార్లు తవ్వుకున్నా అడుగున కనిపించేది వేరే. మాకు దెబ్బ తగిలింది, ఇతను మాత్రం ఏమీ తగలకుండా ఎందుకు వెళ్లాలి అనే కుళ్లు. మా వరండాలో కుర్చీ అంచున కూర్చున్నవాడు మాతో సమానంగా బిల్లు పట్టుకొచ్చాడనే చిన్న మంట కూడా ఉందేమో. ఉంది. ఏమో అనడం దేనికి?

మరుసటి ఏడు మా లెక్కలు చూసే పెద్దాయన మలక్‌పేట నుంచి వచ్చాడు. కాఫీ ఇస్తూ, మాటల్లో మాటగా అడిగాను, పెరిగిన టాక్స్ కింది కాంట్రాక్టరుకు ఇవ్వకపోతే మనకు మిగిలినట్టేగా అని. ఆయన నవ్వాడు. "అట్ల గాదమ్మా. ఆయనకిచ్చిన టాక్సు మీరు సర్కారుకు కట్టేదాంట్లకెళ్లి తగ్గుతది. ఇచ్చినా మీకేం పోదు. తక్కువిచ్చి మిగిలించుకుంటే, అవి టాక్సు పైసలు గావు. ఆయన కష్టం పైసలు."

నేను సర్కారు పెట్టిన బరువు కాస్త పక్కవాడి మీదకు జరిపాననుకున్నాను. జరపడానికక్కడ బరువే లేదు. అతని జేబులో చెయ్యి పెట్టానంతే.

ఆ ఒక్క అబద్ధం నిలబడాలంటే నేను మతిమరుపు మనిషిని కావాలి. అందుకని కావాలనే పప్పులో ఉప్పు మరిచిపోయాను. చుట్టాల పేర్లు తడబడ్డాను. మా ఆయన పాపం, నేను వేసుకునే బీపీ మాత్రల వల్లేమోనని దిగులుపడ్డాడు. ఇప్పుడు అన్నీ కాగితం మీద రాయిస్తున్నాడు. మా వరండాకు తగాదాలు రావడం లేదు. నన్నెవరూ ఏమీ అడగరు. అన్నీ గుర్తున్న మనిషిని, ఏమీ గుర్తులేనట్టు తిరుగుతున్నాను.

ఆ మాత్రలు తెచ్చుకునేది కూడా ఆ దవాఖానలోనే. నెలనెలా వెళ్తాను. కూర్చుంటే కాళ్ల కింద యాదగిరి వేసిన టైల్సే. ఒక్కటి కదలలేదు, ఒక్కటి పగలలేదు. నర్సమ్మ బీపీ చూసి, ఇక్కడికొచ్చినప్పుడల్లా ఎందుకింత ఎక్కువుంటుందమ్మా అంటుంది.

పోయిన వేసవిలో ఒక ఉదయం దవాఖానకు వెళ్తూ ఎల్బీనగర్ అడ్డా మీద, కూలీలు పని కోసం నిలబడే చోట, అతన్ని చూశాను. సంచిలోంచి తాపీ పిడి బయటికి కనిపిస్తోంది. ఆ నష్టంతో కటింగ్ మిషను అమ్ముకున్నాడనీ, జీఎస్టీ నంబరు తీసేయించుకున్నాడనీ అంతకుముందే విన్నాను. నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"బాగున్నరా వదినే? అన్న బాగున్నడా?"

పదేళ్లూ నన్ను నువ్వు అన్న మనిషి. బాగున్నామన్నాను. నా బ్యాగులో డబ్బులున్నాయి. పద్దెనిమిది వేలు కావు, ఎన్నో కొన్ని ఉన్నాయి. చెయ్యి బ్యాగు దాకా వెళ్లి ఆగిపోయింది. ఇస్తే ఎందుకని అడుగుతాడు. చెప్పాలి. ఇంతలో ఎవరో మేస్త్రీ కావాలని కేకేశారు. అతను పరుగెత్తాడు.

పటం వెనక కార్డు ఇంకా ఉంది. శుక్రవారం పటాలు తుడిచేటప్పుడు బయటికి తీసి, దాని మీది పేరు కూడబలుక్కుని చదివి, మళ్లీ అక్కడే పెడతాను. పారేయలేను. దాని మీద ఫోను నంబరుంది. చెయ్యలేను.

మా ఆయనకు చెబుతానా? తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలోది కాదు. అతను అడిగిన ప్రశ్నకు జవాబు ఇన్నాళ్లూ నా లోపలే ఉండిపోయింది, ఒక్కసారి బయటికి రావాలంతే. ఇదిగో, వంకర అక్షరాలతో రాస్తున్నాను.

యాదగిరీ, నాకు గుర్తుంది. టాక్స్ సంగతి నాది, నీ కూలి నీది అన్నాడు మీ అన్న. నేను విన్నాను. నువ్వు అడిగిన రోజు కూడా గుర్తుంది.