స్టెల్లా ఆంటీ కేకు, నా తమిళం

ఒక క్రిస్మస్‌కి పాటలు పాడటానికి వచ్చిన పద్దెనిమిది మంది అమాయకుల కడుపులతో నేను ఆడుకున్నాను. చేతులారా, చిరునవ్వుతో, కేకు ముక్కల రూపంలో. ఎలాగో చెబుతాను. మీరు మాత్రం ఏమైనా తింటూ చదవకండి.

అప్పటికి నేను రాజమండ్రి నుంచి చెన్నైకి ఉద్యోగానికొచ్చి మూడు నెలలు. వాషర్‌మెన్‌పేట్‌లో స్టెల్లా ఆంటీ ఇంటి మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. ఆవిడ తాతలు ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డారు. ఏటా పండగ ముందు ఇంటికొచ్చే చర్చి పాటల బృందానికి ఆవిడే ప్లమ్ కేకు చేసి పెడుతుంది. ఆ ఏడు జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

“ఇరవై ఏండ్లుగా నా చేతి కేకు తినకుండా పోలేదు పాపా వాళ్లు. ఈసారి బేకరీది కొనేస్తాలే,” అని మొహం అటు తిప్పుకుంది.

“నేను చేస్తానాంటీ. మీరు పక్కన కూర్చుని చెప్పండి చాలు,” అన్నాను. అప్పటిదాకా నేను చేసిన వంటల్లో గొప్పది నూడుల్స్.

పళ్లముక్కలు ఆవిడ ముందే రమ్ములో నానేసి ఉంచింది. “చక్కెర నల్లగా మాడాల, బయపడబాక,” అంటే మాడ్చాను. అంతా బాగానే ఉంది. జాజికాయ మాత్రం లేదు.

“ఆడ మూలమీద నాటు మందుల అంగడి ఉండాది. పొడి దొరుకుద్ది. తమిళంలో ఏమంటారో చెప్పేదా?”

“తెలుసాంటీ,” అన్నాను. ఆఫీసు క్యాంటీన్లో ఎవరో ‘కడుక్కాయ్’ అనడం విన్నాను. వినడానికి జాజికాయలాగే ఘుమఘుమలాడింది.

అంగట్లో దర్జాగా కడుక్కాయ్ పొడి అడిగాను. “వయిత్తుక్కా?” అన్నాడాయన. కడుపుకేనా అని. కేకు కడుపులోకి కాక ఇంకెక్కడికి పోతుంది? పైగా ప్రశ్న మొత్తం అర్థమైందన్న గర్వం నాకు.

“ఆమా అణ్ణా. పదినెట్టు పేరుక్కు,” అన్నాను. అవునన్నా, పద్దెనిమిది మందికి అని.

ఆయన నా వంక జాలిగా చూసి పెద్ద పొట్లం కట్టాడు.

ఆంటీ చిటికెడు చాలంది. వాసన రాలేదని, ఆవిడ అటు వెళ్లగానే నాలుగు చెంచాలు గుమ్మరించాను.

సాయంత్రం పాటలయ్యాక అందరికీ ముక్కలు పంచాను. ఒకరిద్దరి మూతులు సున్నాలా చుట్టుకున్నాయి. “వగరుగా ఉంది కదా?” అంది ఒకావిడ. “రమ్ము బాగా పట్టింది,” అన్నాడు గిటారు ఆయన. ఆంటీ మీద ప్రేమకొద్దీ అందరూ రెండోసారి కూడా తిన్నారు.

వాళ్లు వెళ్లాక ఆంటీకి ఆ పొట్లం కనబడింది. “ఏంది పాపా ఇది?”

“జాజికాయ పొడి.”

“ఇది కరక్కాయ. విరేచనానికి తాగేది.”

ఆవిడ కట్టుకట్టిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి పరిగెత్తాను. తీరా చూస్తే నవ్వుతోంది.

మర్నాడు చర్చిలో పాడేవాళ్ల బెంచీ సగం ఖాళీ. ఉన్న సగమూ తలుపు దగ్గరే కూర్చుంది. ప్రార్థన అవగానే బృందంలో అందరికంటే పెద్దాయన బెంజమిన్ తాత కర్ర తాటించుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

“కేకు చేసింది నువ్వేనామ్మా?”

“క్షమించండి తాతా, తెలియక...”

“పది దినాలుగా కడుపు కదలక నానా యాతన పడతా ఉండా. ఈ పొద్దు ప్రాణం లేచొచ్చింది. ఇంకో రెండు ముక్కలుంటే డబ్బాలో పెట్టియ్యి.”

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నా చేత్తో చేసే ఏ కేకులోనూ జన్మలో మళ్లీ కరక్కాయ వేయను. బెంజమిన్ తాతకి ఏటా విడిగా చేసి పంపే చిన్న కేకు మాత్రం ఈ ప్రమాణం కిందికి రాదు.