రెండు మెట్లు పైన

పోయిన నెల నంద్యాలలో మా బంధువుల పెళ్లి. భోజనాల వరుసకు ఎదురుగా వేదిక మీద ఆర్కెస్ట్రా సాగుతోంది. పాడుతున్న అమ్మాయి చరణంలో పై స్వరానికి పోయేసరికి గొంతు చీలిపోయింది. ఎండు కట్టె విరిగినట్టు ఆ శబ్దం హాలంతా వినబడింది. ఆమె బిత్తరపోయి వెనక్కి చూసింది. కీబోర్డు దగ్గరున్న కుర్రాడు నాలుక కరుచుకుని, "సారీ అక్కా! శ్రుతి రెండు మెట్లు పైనుంది, చూసుకోలేదు" అని ఒక మీట నొక్కాడు. ఆమె వాడి నెత్తిన ఒకటి మొట్టి, అదే పాటను హాయిగా పాడేసింది. నేను మాత్రం కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలి లేచాను. వాడు అంత తేలిగ్గా చెప్పిన మాటను నేను ఇరవై ఏళ్లకు పైగా నోట్లోనే పెట్టుకుని తిరిగాను.

చెప్పవలసిన మనిషి ఆళ్లగడ్డ శామ్యూల్. నాకంటే కాస్త పెద్దవాడు, మా ఊరి మిషన్ బడి పంతులుగారి అబ్బాయి. మా నాయన ముచ్చటపడి కొనిచ్చిన కీబోర్డు ఇంట్లో గుడ్డ కప్పుకుని పడి ఉండేది. ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చిలో కూర్చోబెట్టి నాకు దాన్ని నేర్పినవాడు ఆయనే. వేళ్ల సంగతి తర్వాత, మొదట ఆ మీట చూపించాడు. అది నొక్కితే పాట మొత్తం మెట్టుమెట్టుగా పైకో కిందికో జరుగుతుంది. అసలు శ్రుతిలో ఉంటే పైన చిన్న గడిలో సున్నా కనిపిస్తుంది.

"సున్నా లేకుంటే ఏమైతాది?" అని అడిగాడు.

"పాట పైకి పోతాదన్నా."

"పాట కాదప్పా, పాడేటోడు పోతాడు. మేం ముందుకు చూసి పాడతాం. ఎనక ఏం జరుగుతాందో మాకు కనపడదు. నిన్ను నమ్ముకునే నోరు తెరుస్తాం. పాట ఎత్తే ముందు సున్నా చూడు."

మాతో ప్యాడ్లు వాయించే కరీం చేరాక, ముగ్గురం కలిసి మా ఏటి పేరు మీద 'కుందూ బాయ్స్' అని పేరు పెట్టుకున్నాం. పెళ్లిళ్లతో మొదలుపెట్టి డోన్ తిరునాళ్ల దాకా, సున్నిపెంట డ్యామ్ క్వార్టర్స్ దాకా పోయాం. మమ్మల్ని పైకి లేపింది మా సొంత పాట. బస్సులో పక్కన కూర్చున్న పిల్ల మధ్యలో దిగిపోతే ఒక కుర్రవాడు పడే బాధ అది. "సిరివెళ్ళలో దిగిపోయినావే, సీటు ఇంకా ఎచ్చగుందే" అని పల్లవి. నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య తిరిగే బస్సుల్లో కాలేజీ పిల్లలు సీట్ల మీద దరువేసి పాడేవారు. కండక్టర్లు సిరివెళ్ళ రాగానే, "దిగండప్పా, సీటు ఎచ్చగుంటే చాలు" అని నవ్వించేవారు.

ఆ బాణీ నాది. కానీ అందరూ దాన్ని శామ్యూల్ పాట అనేవారు. ఆటోగ్రాఫ్ కోసం వచ్చిన పిల్లలు నా చేతికి పుస్తకం ఇచ్చి, "శామ్యూల్ అన్నకు ఇవ్వరా?" అనేవారు. ఒకసారి మా నాయన ముందు వరుసలో కూర్చుని విన్నాడు. ఇంటికొచ్చాక నాతో అన్నాడు: "ఆ పిల్లోడు పాడతాంటే ఒళ్లు జలదరించింది రా. నువ్వేం చేస్తాంటివి ఎనక?" ఆయన వేళాకోళానికి అనలేదు, నిజంగానే అడిగాడు. అందుకే అది లోపలికి దిగింది.

నంద్యాలలో ఒక కాలేజీ వార్షికోత్సవానికి హైదరాబాదు నుంచి ఆల్బమ్‌లు చేసే ఆయన వచ్చాడు. మా పాట వినడానికే వచ్చాడని సంబరపడ్డాం. కార్యక్రమానికి ముందు ఆయన ప్రిన్సిపాల్‌తో అంటున్న మాట తెర వెనక నా చెవిన పడింది. "ఆ గొంతు ఒక్కటి చాలండి. వెనక ఎవరైనా వాయిస్తారు."

వేదిక ఎక్కాను. శామ్యూల్ వెనక్కి తిరిగి, "చూసినావా రఘూ?" అన్నాడు. చూశానని తలూపాను. ఆయన ముందుకు తిరిగాక మీట రెండుసార్లు నొక్కాను.

పల్లవి కింది స్వరాల్లో నడుస్తుంది కనుక ఎవరికీ తెలియలేదు. చరణంలో పైకి ఎక్కేచోట ఆయన గొంతు చీలింది. పిల్లలు ఈలలు వేశారు. రెండో చరణంలో మళ్లీ చీలింది. ఆయన మైకు స్టాండుకు తగిలించి దిగిపోయాడు. ఎవరూ చూడకముందే నేను మీటను సున్నాకు తెచ్చాను. హైదరాబాదు ఆయన అప్పటికే లేచాడు.

"నా గొంతు పోయిందప్పా," అన్నాడు శామ్యూల్. కర్నూలులో గొంతు డాక్టరు దగ్గరికి ఆయనతో నేనే పోయాను. డాక్టరు లోపలికి లైటు వేసి చూసి, ఏమీ లేదు, భయమంతే అన్నాడు. తిరుగు బస్సులో శామ్యూల్ గొంతు చుట్టూ తువ్వాలు చుట్టుకుని నా భుజం మీద నిద్రపోయాడు. అప్పుడైనా చెప్పవలసింది. తర్వాతి కార్యక్రమంలో నేను ఆ మీట ముట్టుకోకపోయినా, అదే చోట ఆయన గొంతు చీలింది. ఇక రానన్నాడు. కొన్నాళ్లకు కరీం గల్ఫ్‌కు పోయాడు. బ్యాండు ఎందుకు విడిపోయిందని అడిగినవాళ్లకు, "శామన్నకు తలకెక్కింది, ఆ పొద్దు తాగొచ్చి పాడినాడు" అని చెప్పాను. ఊరు నమ్మింది.

పోయిన నెల ఆ బంధువుల పెళ్లి అయిన మర్నాడే ఆళ్లగడ్డ పోయాను. శిల్పాలు చెక్కే షెడ్డులో రాయి కోసే యంత్రం దగ్గర ఉన్నాడు శామ్యూల్. కనుబొమ్మల మీద రాతిపొడి. నన్ను చూసి యంత్రం ఆపాడు. నేను నిలబడే అంతా చెప్పాను.

"ఎంత పెంచినావ్?"

"రెండు."

కళ్లు మూసుకుని ఆ చరణాన్ని అంత ఎత్తులో సన్నగా ఎత్తాడు. "అంత పైన పల్లవి మొత్తం పాడినానే!" అని తనలో తనే అనుకున్నాడు. ఆ గొంతు వినగానే నాలో మొదట లేచింది పశ్చాత్తాపం కాదు, పాత అసూయే. దానికి వయసు మీదపడలేదు.

ఆయన కళ్లు తెరిచాడు. "ఆ పొద్దే చెప్పింటే నీ పండ్లు రాలగొట్టింటా. మర్నాడు పాడింటా."

"తప్పయిపోయింది శామన్నా."

"అది నాకు చెప్తే ఏం లాభం? నేను తాగి పాడినానని ఊర్లో చెప్పినావంట. మా నాయన ఆ మాట ఇనే పోయినాడు. ముందు దాన్ని తీసెయ్." మళ్లీ యంత్రం వేశాడు.

అందుకే ఇది రాస్తున్నాను. శామ్యూల్ ఆ రోజు తాగలేదు. ఆయన గొంతు బాగానే ఉంది.

ఇప్పుడు మా అమ్మాయి పాడుతుంటే నేనే వాయిస్తాను. పాట ఎత్తే ముందు మీట చూస్తాను. సున్నాయే ఉంటుంది. అయినా మళ్లీ చూస్తాను. ఆ పిల్ల నా వైపు చూడను కూడా చూడదు. ముందుకు తిరిగి నోరు తెరుస్తుంది.