మొండయ్య చేతులు

ఆమె మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది. పని అయ్యాక బస్సెక్కినా తీయడం మరిచిపోతుంది. అందుకే ఫ్యాక్టరీలో చిన్నాపెద్దా అందరికీ ఆమె టేపక్క. సైనికులు వానలో తొడుక్కునే కోట్లు కుట్టే ఫ్యాక్టరీ అది. మచ్చల మచ్చల ఆకుపచ్చ గుడ్డ, లోపల రబ్బరు పూత, కుట్ల సందుల్లోంచి నీళ్లు దిగకుండా వేడి యంత్రంతో అతికించిన పట్టీ. ఎన్నో చేతులు మారి కోటు చివరికి ఆమె బల్ల మీదికి వస్తుంది. బాగుందని ఆమె అంటే లోపలి జేబులో పద్నాలుగో నంబరు ముద్ర పడుతుంది, కోటు లారీ ఎక్కుతుంది. లేదంటే మూలనున్న గుట్టలోకి పోతుంది. పన్నెండేళ్లుగా ఆ ముద్ర ఆమెదే.

బల్ల పక్కన ఒక బొమ్మ ఉంటుంది. ఆరడుగుల మనిషి, విశాలమైన ఛాతీ, చేతులు మాత్రం లేవు. పేరు మొండయ్య. ఇరవై కోట్ల కట్టలోంచి ఒకటి తీసి మొండయ్యకు తొడగాలి. భుజాలు, ఛాతీ, పొడవు కొలవాలి. నెత్తిమీద షవరు తిప్పి రెండు నిమిషాలు తడపాలి. తర్వాత కోటు విప్పి వాడి ఒళ్లంతా తడిమి చూడాలి. పొడిగా ఉంటే కట్ట మొత్తం పాస్.

"నా మొగుణ్ణి కూడా ఇంత సుతారంగా తడిమిన పాపాన పోలేదే" అని నవ్వించేది టేపక్క. ఆ మొగుడు పోయి తొమ్మిదేళ్లు. జోకు మాత్రం పోలేదు.

మొండయ్య మొదటినుంచీ మొండివాడు కాదు. వాడికీ రెండు చేతులుండేవి. భుజం దగ్గర తిప్పితే పైకి లేచేవి, ఇంకాస్త తిప్పితే ఊడొచ్చేవి. తడిసిన స్లీవుల్ని ఆ చేతుల మీంచి లాగడానికే సగం పొద్దు పోయేది. ఆరేళ్ల కిందట టార్గెట్ రెట్టింపు చేశారు. రెండో రోజే ఆమె ఆ చేతులు పీకి బీరువా మీద పడేసింది. కోటు టోపీ పెట్టినంత సులువుగా ఎక్కింది, దిగింది. నెలాఖరున మేనేజరు అందరి ముందూ చప్పట్లు కొట్టించి ఆమెకొక గోడ గడియారం ఇచ్చాడు. బుర్రంటే నీదేనమ్మా అన్నారంతా. ఆమె కూడా అలాగే అనుకుంది.

పోయిన చలికాలం తమ్ముడు సైన్యం నుంచి ఇంటికొచ్చాడు. సెలవు మీద కాదు. కొండల మీద పదకొండు రోజులు తెరిపిలేని వానలో, తడి బనీనుతో, మూటలు మోశాడు. జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఒక పక్క సగం చెడిందని డాక్టర్లన్నారు. ఇక పనికిరావని ఒక కాగితం చేతిలో పెట్టి పంపారు. ముప్పై రెండేళ్ల మనిషి, అక్క అద్దెకుండే రెండు గదులకు చేరాలంటే మెట్ల మధ్యలో కూర్చుని ఊపిరి తీసుకోవాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. వెనక వరండాకు అవతల తీగ మీద బట్టలున్నాయి. తమ్ముడు మేకుకున్న కోటు తగిలించుకుని వెళ్లాడు. జేబు మూత వంకరగా ఉందని గుట్టలో పడేస్తే, టేపక్క అడిగి తెచ్చుకున్న కోటది. మిగతా అంతా సరైనదే. బట్టలు తీయడానికి అతను రెండు చేతులూ ఎత్తాడు. గుమ్మంలోంచి ఆమె చూసింది. స్లీవులు మోచేతుల దాకా జారాయి. కోటు అంచు బొడ్డు పైకి లేచింది. చంకల్లో గుడ్డ తాడులా బిగుసుకుంది.

లోపలికొచ్చి కోటు విప్పితే చంకల నుంచి నడుము దాకా చొక్కా ముద్ద.

"పట్టీ లేచిపోయిందిరా. ఇది పాడైపోయిన కోటు."

"పాడవలేదక్కా. మాకిచ్చినవన్నీ ఇంతే. కదలకుండా నిలబడితే చుక్క దిగదు. మూట భుజానికెత్తామా, చంకలో కుళాయి తిప్పినట్టే."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"ఏం చెప్పమంటావు? మీ ఫ్యాక్టరీదో, ఇంకోళ్లదో."

"లోపలి జేబులో నంబరుంటుంది కదరా."

"ఉంటుందని తెలుసు." తువ్వాలు నెత్తిన కప్పుకున్నాడు. "నేను చూడలేదు."

మర్నాడు పొద్దున ఆమె స్టూలెక్కి బీరువా మీంచి మొండయ్య చేతులు దించింది. దుమ్ము తుడిచి బిగించి, రెండూ పైకెత్తి పెట్టింది. ఆ రోజు వెళ్లాల్సినవి మూడువేల కోట్లు. పది కట్టల్లోంచి పది కోట్లు తడిపింది. తొమ్మిదింట్లో మొండయ్య పక్కటెముకల దాకా నీళ్లు.

గుడ్డ కత్తిరించే మాస్టరును పిలిచింది. పెద్దాయన చంక దగ్గర వేలితో తడిమాడు.

"ముక్క లేదుగా అమ్మాయ్. చెయ్యి ఎత్తితే సాగడానికి ఇక్కడ నాలుగు మూలల ముక్క ఒకటి పడాలి. ఐదేళ్లయింది తీసేయించి. కోటుకి జానెడు గుడ్డ మిగులుతుందన్నారు."

"నాకెందుకు చెప్పలేదు మాస్టారూ?"

"నువ్వు పాస్ చేస్తున్నావు కదా. ముక్క లేకపోయినా నీళ్లు దిగట్లేదేమో అనుకున్నా."

ఆయన ఆమె ముద్రను నమ్మాడు. ఆమె ఆయన కత్తెరను నమ్మింది. పైవాళ్లు మాత్రం ఎవరినీ నమ్మాల్సిన పని లేదు, జానెడు గుడ్డ లెక్క వాళ్ల దగ్గరుంది. చేతుల్లేని బొమ్మను చూశాకే ఆ ముక్క తీయించారో, తీయించాక బొమ్మ వాళ్లకు కలిసొచ్చిందో ఎవరూ చెప్పరు.

మేనేజరు నవ్వుతూనే వచ్చాడు. "ఏమ్మా, మొండయ్యకు ఆపరేషన్ చేశావట?" తడి బొమ్మను చూశాక నవ్వు తగ్గింది. "చేతులు దించు."

"దించితే పాసవుతుంది సార్. ఎత్తితేనే కారుతోంది."

"సిపాయి చేతులెప్పుడెత్తుతాడమ్మా? లొంగిపోయినప్పుడు. మనం లొంగిపోయేవాళ్లకా కుట్టేది?"

కుట్టుమిషన్ల వరుసలో కిసుక్కుమన్నారు.

"మూట ఎత్తాలి సార్. తాడు పట్టుకుని కొండెక్కాలి. పక్కవాడు పడిపోతే భుజాన వేసుకోవాలి."

ఎవరూ నవ్వలేదు.

"గేటు దగ్గర లారీ ఉంది. ముద్ర వెయ్యి."

"వెయ్యను సార్."

అతను దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఆ చేతులు పీకిందెవరు, నేనా? విచారణంటూ వస్తే కంపెనీ చూపించేది నీ నంబరే. ఐదేళ్ల కాగితాల నిండా పద్నాలుగే. గడియారం పుచ్చుకున్నప్పుడు చప్పట్లు బాగానే ఉన్నాయి కదా?"

అన్నది నిజం. ఆమె ముద్ర తీసి బల్ల మీద పెట్టింది. అంతే.

అది పక్క బల్ల ఆవిడ చేతికి వెళ్లింది. ఇద్దరు పిల్లల తల్లి, కాదనలేదు. తలెత్తకుండా ముద్రలు కొట్టుకుంటూ పోయింది. టేపక్కను దారాలు కత్తిరించే మూలకు పంపారు. మొండయ్య చేతులు మళ్లీ ఊడాయి. ఈసారి వాటిని బీరువా లోపల పెట్టి తాళం వేశారు. మూడింటికి లారీ కదిలింది. దేశ రక్షణలో మనమూ భాగస్వాములమని రాసిన గేటు కిందుగానే పోయింది. వందమంది ఆ చప్పుడు విన్నారు. అందరి ఇళ్లలోనూ పొయ్యి వెలగాలి. ఒక్క మిషనూ ఆగలేదు.

సాయంత్రం తమ్ముడు టీ పెట్టి ఎదురుచూస్తున్నాడు.

"ముద్ర వేశావా?"

"లేదు."

"లారీ?"

"వెళ్లింది."

అతను దగ్గు ఆగేదాకా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. ఆమె గోడ గడియారం కింద చాప వేసుకుని కాగితం, పెన్ను తీసింది.

"మీ సైన్యం సరుకు తీసుకునే ఆఫీసు చిరునామా నీకు తెలుసు కదరా, చెప్పు."

"వద్దక్కా. కంపెనీ వాళ్లనేమీ చేయరు. మొదట నీ మెడకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోనీ. ఇప్పటికే పదకొండు రోజులు నీ మెడకు చుట్టుకుంది."

తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు. తర్వాత చిరునామా చెప్పాడు, ఆమె రాసుకుంది. "ఇక పద్ధతిగా మొదలుపెట్టు. వాన కోట్లలో చంక ముక్క వేయడం లేదు, అని రాయి" అన్నాడు.

"అది రెండో మాటరా" అంది టేపక్క.

మొదటి మాట ఆమే రాసుకుంది: 'అయ్యా, బొమ్మ చేతులు పీకింది నేనే. నా నంబరు పద్నాలుగు.'