రాజేశ్వరి అడిగిన సముద్రం

2023 ఎండాకాలం. కరీంనగర్ బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల దుకాణం పైఅంతస్తులో మా ట్రావెల్స్ ఆఫీసు. నేనక్కడ టికెటింగ్ పనిలో చేరి అప్పటికి పదహారేళ్ళు. నాతో పాటు ఫర్హానా అనే అమ్మాయి వీసాల పని చూసేది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది గల్ఫ్‌కు పోయేవాళ్ళే. దుబాయికో, దోహాకో ఒకవైపు టికెట్టు, ఎయిర్‌పోర్టు దాకా బండి. అంతటితో మా పని అయిపోతుంది. విహారయాత్రలు అడిగేవాళ్ళు ఈమధ్యే పెరిగారు. వాళ్ళు కూడా బాలి, సింగపూర్ అంటారు తప్ప ఆఫ్రికా అడిగినవాళ్ళు ఆ రోజు దాకా లేరు.

అడిగింది మందమర్రి నుంచి వచ్చిన భార్యాభర్తలు. సదానందం బొగ్గుబావిలో ఓవర్‌మన్. అంటే ఒక షిఫ్టులో భూమి లోపలికి దిగినవాళ్ళందరి బాధ్యతా మోసే మనిషి. భార్య రాజేశ్వరి బోథ్ దిక్కు పత్తి రైతు కుటుంబంలో పుట్టింది, కార్మికుల కాలనీలో జాకెట్లు కుడుతుంది. పెళ్ళయి ఇరవై అయిదేళ్ళవుతోందని, ఆగస్టులో ఎక్కడికైనా పోవాలని వచ్చారు.

"ఫస్ట్ షిఫ్ట్ దిగొచ్చి తిన్నంక టీవీల జంతువులే చూస్త మేడం," అన్నాడు సదానందం. "గా అడవి గొడ్లు వేలకు వేలు వాగు దాటుతయి గదా, మొసళ్ళు కాసుకోని ఉంటయి. గది నా కండ్లతోని చూడాలె."

"నాకు సముద్రం గావాలె అక్కా," అంది రాజేశ్వరి. "నలభై ఐదేండ్లొచ్చినయి, ఒక్కపారి చూడలే. ఒడ్డున నిలవడి ఫొటో దిగుడు గాదు, మెడల దాక నీళ్ళల్ల కూసోవాలె. నైటీ మీద దిగనిస్తరా ఆడ?"

"ఎవ్వలేమనరు," అన్నాను.

"అయితే ముందుగాల దీని సముద్రం పెట్టుండ్రి," అన్నాడు ఆయన. "ఎనుక దినాలు మిగిలితె నా జంతువులు."

"వద్దు, ఆయనయే ముందుగాల. సముద్రం యాడికి పోతది."

ఇద్దరూ ఒకరి మాట ఒకరు కొట్టేసుకుంటూ ఐదు నిమిషాలు వాదించుకున్నారు. ఆ వాదన వింటుంటే నా కడుపులో ఏదో కాలడం మొదలైంది.

దాని సంగతి దాచకుండా చెప్పాలి. మా ఆయన పద్నాలుగేళ్ళుగా మస్కట్‌లో క్రేన్ నడుపుతున్నాడు. రెండేళ్ళకోసారి వస్తాడు, నలభై రోజులుంటాడు. ఆయన టికెట్టు ప్రతిసారీ నా చేత్తోనే కొడతాను. మంచివాడు. శుక్రవారం శుక్రవారం వీడియో కాల్ చేసి తిన్నావా అని అడుగుతాడు. కానీ మేమిద్దరం పక్కపక్కన కూర్చుని, ఒకే కాగితం మీద వేలు పెట్టి, ఇది కాదు అది అని వాదించుకుని ఎంచుకున్న వస్తువు మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఫ్రిజ్జు కూడా నేను కొని ఫొటో పంపితే బాగుందన్నాడు. వేలమందిని విమానం ఎక్కించిన నేను అప్పటికి విమానం ఎక్కలేదు. సముద్రమూ చూడలేదు.

రాజేశ్వరి డబ్బును చూసి నాకు కుళ్ళు పుట్టలేదు. ఆమె చేతిలో నీళ్ళ సీసా మూత బిగుసుకుపోతే, సదానందం మాట మధ్యలోనే ఆ సీసా తీసుకుని, మూత తిప్పి, తిరిగి ఇచ్చాడు. ఆమె అటు చూడను కూడా లేదు. ఆ చూడకపోవడాన్ని చూసే నాకు కుళ్ళు పుట్టింది.

మా పనిలో ఇలాంటి యాత్రను కాంబో అంటారు, అడవి ఒక దేశంలో, బీచ్ ఇంకోచోట. కష్టమంతా ఆ రెండో సగంలోనే ఉంటుంది. ఆగస్టులో గొడ్లు నది దాటేది కెన్యాలోని మసాయి మారాలో కాబట్టి అడవి విషయంలో ఆలోచించేదేం లేదు. సముద్రానికి మూడు దారులున్నాయి. కెన్యా తీరమే అయితే వీసా ఒకటే గానీ, ఆ నెలల్లో గాలి ఎక్కువ, నాచు కొట్టుకొస్తుంది. మారిషస్ దూరం, పైగా అక్కడ అది చలికాలం. జాంజిబార్ దీవి వేరే దేశానిది కాబట్టి ఇంకో వీసా కావాలి గానీ, ఆ నెలలో వానలుండవు, నీళ్ళు నీలంగా ఉంటాయి. జాంజిబార్ అని ముగ్గురం ఒప్పుకున్నాం.

అయితే ఆ దీవికి రెండు ముఖాలున్నాయి. ఉత్తరం కొసన సముద్రం రోజంతా ఒడ్డు దగ్గరే ఉంటుంది, ఎప్పుడంటే అప్పుడు దిగవచ్చు. తూర్పు ఒడ్డున అలా కాదు. ఆటుపోట్లకు నీళ్ళు దాదాపు కిలోమీటరు వెనక్కి పోతాయి. పొద్దున లేచి చూస్తే తడి ఇసుక, రాళ్ళు, దూరంగా ఒక నీలిగీత. రాళ్ళ సందుల్లో సీ అర్చిన్ అనే నల్లటి ముళ్ళ ప్రాణి ఉంటుంది, చెప్పులు లేకుండా తొక్కితే ముళ్ళు పాదంలో విరిగిపోతాయి. ఇవన్నీ నాకు తెలుసు. అక్కడి గ్రౌండ్ హ్యాండ్లర్, అంటే మన ప్రయాణికులను ఆ ఊళ్ళో దింపుకుని చూసుకునే కంపెనీ మనిషి, మెయిల్‌లో స్పష్టంగా రాశాడు.

వారం తర్వాత వాళ్ళు మళ్ళీ వచ్చారు. రెండు హోటళ్ళ ఫొటోలు ముందు పెట్టాను, ఉత్తరానిది ఒకటి, తూర్పుది ఒకటి. ఫొటోలన్నీ నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు తీసినవే కాబట్టి చూడ్డానికి రెండూ ఒకటే. రాజేశ్వరి వంగి వంగి చూసి, చాలా మామూలుగా, చాలా గౌరవంగా అడిగింది.

"మీరు ఆడికి ఎన్నిసార్లు పోయిండ్రక్కా? గింత పనిల ఉన్నోళ్ళు అన్ని చూసే ఉంటరు."

నేను ఫొటోలను బల్ల మీద సరిచేసి పెట్టాను. సదానందం నవ్వి, "మేడం వాళ్ళ సార్‌ను తీస్కోని పోయే ఉంటది," అన్నాడు.

"అక్కా, రెండిట్ల నీళ్ళు ఏడ మంచిగుంటయి?" అంది రాజేశ్వరి.

ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. తూర్పున నీళ్ళు వెనక్కి పోతాయమ్మా, నువ్వు మెడ దాకా కూర్చోవాలంటే ఉత్తరం తీసుకో అనాలి. ఆ వాక్యం నా నోటి దాకా వచ్చింది. వచ్చినదాన్ని లోపలికి మింగేశాను.

"ఏడైన అదే సముద్రం గదా," అన్నాను. "తూర్పు హోటల్ల గదులు జర పెద్దగున్నయి."

"అయితే గదే పెట్టుండ్రి. మీకన్న మాకు ఎరుకనా," అంది.

వాళ్ళు వెళ్ళాక ఫర్హానా తన కుర్చీలోంచే అడిగింది. "పద్మక్కా, గా నీళ్ళు ఎనుకకు పోయే ముచ్చట చెప్పిండ్రా వాళ్ళకు?"

"చెప్పిన," అన్నాను. ఆ రోజుకు అది రెండో అబద్ధం. మొదటిదాని కన్నా సులువుగా వచ్చింది.

మిగిలిన పనంతా వంక పెట్టడానికి లేకుండా చేశాను. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే ఇక్కడ ఆపేస్తారని చెప్పి, హైదరాబాద్‌లో టీకాకు రోజు ఖాయం చేశాను. అడవికి పోయే చిన్న విమానాల్లో గట్టి సూట్‌కేసులు పట్టవు, మెత్తటి సంచులే తేవాలని రెండుసార్లు ఫోన్ చేశాను. పొద్దున జీపులో చలేస్తుందని స్వెట్టర్లు గుర్తు చేశాను. ఇంత శ్రద్ధగా చేశాను కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఆగస్టులో బయలుదేరారు. మూడో రోజు నుంచి నా ఫోన్‌కు ఫొటోలు రావడం మొదలైంది. ఒకదాంట్లో సదానందం జీపులో నిలబడి ఉన్నాడు, వెనక నదిలో గొడ్లు దాటుతున్నాయి. ఆయన మాత్రం కెమెరా వైపు చూడకుండా ఏడుస్తున్నాడు. కింద రాజేశ్వరి వాయిస్ మెసేజ్: "చూడక్కా మా ముసలోణ్ణి, జంతువులను చూడుమంటె ఏడుస్తుండు." ఆ ఫొటోను నేను ఎన్నిసార్లు తెరిచానో చెప్పలేను. నచ్చి కాదు. నా మొగుడు దేనికైనా ఏడుస్తుంటే నేనెప్పుడైనా పక్కన ఉన్నానా అని.

తర్వాత జాంజిబార్ చేరారు. రెండు రోజులు మెసేజ్ లేదు. మూడో రోజు పొద్దున నేనే ఫోన్ చేశాను. క్షేమం కనుక్కోవడానికని అనుకున్నాను గానీ, నిజానికి నేను చేసింది ఎలా పండిందో వినాలనిపించింది.

"మంచిగనే ఉన్నమక్కా," అంది రాజేశ్వరి. "కాలుల ముల్లిరిగింది, గంతే. నీళ్ళు మస్తు దూరమున్నయి. దొరుకుతయేమో అని నడుచుకుంట పోయిన. నల్లగ ఏందో తొక్కిన. మడమ ఉబ్బింది, వాపు తగ్గలే."

"నీళ్ళల్ల కూసున్నవా మరి?"

"లేదక్కా. పొద్దుగూకంగ దగ్గరికొస్తయట గని గాలి మస్తుంటది, ఈయన పోనియ్యలే." నన్నే ఓదారుస్తున్నట్టు అంది. "ఏం ఫికర్ చెయ్యకుండ్రి. సముద్రమంటె గిట్లనే ఉంటది గావచ్చు. నేనే ఏదో అనుకున్న."

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. తనకేం దక్కకుండా పోయిందో ఆమెకు తెలియదు. సముద్రమంటే అంతే అనుకుని, అదే నిజమనుకుని మందమర్రికి తిరిగొస్తుంది. బతికినంత కాలం అందరికీ అదే చెబుతుంది. ఫోన్ పెట్టేసి ఫర్హానా వైపు తిరిగాను.

"ఫర్హానా, నేను వాళ్ళకు చెప్పలే," అన్నాను.

ఆ అమ్మాయి నన్ను ఒకసారి చూసింది, ఎందుకని అడగలేదు. ఆమె ఒక ఫోన్, నేను ఒక ఫోన్ పట్టుకున్నాం. గ్రౌండ్ హ్యాండ్లర్‌ను బతిమాలి హోటల్‌కు డాక్టర్‌ను పంపించాం, ముళ్ళు తీయించాం. మిగిలింది రెండు రాత్రులు. ఉత్తరం కొసన గది దొరికేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రానికి కారు వాళ్ళను అక్కడికి చేర్చింది.

మరునాడు ఒక ఫొటో వచ్చింది. రాజేశ్వరి పూల నైటీలో, మెడ దాకా నీళ్ళలో కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. ఎదురుగా సదానందం ఆమె కట్టు కట్టిన కాలిని నీళ్ళ పైకి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఫొటో ఎవరో దారిన పోయేవాళ్ళు తీసి ఉంటారు. పశ్చాత్తాపంతో నా మనసు కడిగినట్టయిందని రాయాలని ఉంది. అలా జరగలేదు. ఊపిరి పీల్చుకున్నాను, ఆ వెంటనే మళ్ళీ కుళ్ళుకున్నాను.

తిరిగొచ్చాక ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు, నాకోసం లవంగాల పొట్లం ఒకటి పట్టుకొచ్చారు. దాన్ని తీసుకోకముందే ఉన్నదున్నట్టు చెప్పాను. తూర్పున నీళ్ళు వెనక్కి పోతాయని నాకు ముందే తెలుసని చెప్పాను. మిమ్మల్ని చూసి ఓర్వలేకపోయానని కూడా చెప్పాను. ఆ మాట తల ఎత్తి చెప్పలేకపోయాను.

రాజేశ్వరి పొట్లం ముడి సర్దింది. తర్వాత, "రెండు దినాలు పోయినయి గని, రెండు దినాలు దొరికినయి గదా," అని పొట్లాన్ని నా వైపు జరిపింది.

సదానందం మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "మేడం, బావిల పైకప్పు కూలే ముందుగాల చప్పుడు చేస్తది," అన్నాడు నెమ్మదిగా. "ఇనవడ్డోడు చెప్పాలె. వాడు మంచోడా, చెడ్డోడా, మనకు దోస్తా, పగోడా, గదంత తర్వాత. ఇనవడి చెప్పనోణ్ణి మల్ల మేము పక్కన నిలవడనియ్యం." లేచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. రాజేశ్వరి పండగలకు ఇప్పటికీ మెసేజ్ పెడుతుంది. కిందటేడు వాళ్ళు కాశ్మీర్ పోయారు. టికెట్లు ఇంకో ఆఫీసులో కొట్టించారు. అది న్యాయమే.

ఆ యాత్ర తర్వాత బీచ్ అడిగిన ప్రతి ఒక్కరినీ ముందుగా ఒకటే అడుగుతున్నాను: నీళ్ళ దగ్గరికి పోయి మీరు ఏం చేయాలనుకుంటున్నారు? నడవాలా, చూడాలా, దిగాలా? సముద్రం ఎక్కడైనా ఒకటే అన్న మాట మళ్ళీ నా నోట రాలేదు. అది నేర్చుకోవడం తేలికే. రెండోది కష్టం. అసూయ రాకుండా చేసుకోవడం నాకు చేతకాదని ఒప్పుకున్నాను. అది వచ్చినప్పుడు నా చేతిలో ఫైలు ఉండకూడదు, అంతే.

మొన్న జైనూర్ నుంచి కొత్తగా పెళ్ళయిన టీచర్ల జంట వచ్చింది. కుర్చీలు పక్కపక్కకు లాక్కుని, ఒకే బ్రోచర్ మీద తలలు ఆనించి చూస్తున్నారు. నేను లేచి ఫైలు ఫర్హానా బల్ల మీద పెట్టాను.

"ఎందుకక్కా, మీరే చేయుండ్రి. బీచ్‌లు నాకన్న మీకే ఎరుక," అంది.

"ఎరుకనే గని, కడుపు మండుతున్నది," అన్నాను.

ఫర్హానా ఫైలు తన వైపు తిప్పుకుని, వాళ్ళను కుర్చీలు ఇటు జరుపుకోమంది.