లీకు లేనందుకు గిఫ్ట్ కార్డు

రత్తయ్య ముక్కు గురించి మా ప్లాంటులో అందరూ జోకులేసేవాళ్లు. బందరులో గిలకలదిండి వెళ్లే దారిలో రొయ్యల ప్లాంటు మాది. రొయ్యల్ని గడ్డకట్టించే యంత్రాలు అమ్మోనియాతో నడుస్తాయి. ఆ మెషిన్ రూముకి రత్తయ్యే పెద్ద ఆపరేటరు. ఎక్కడ రవ్వంత అమ్మోనియా కారినా మాకు కళ్లు మండేదాకా తెలియదు, ఆయనకి గుమ్మం దగ్గరే తెలిసిపోయేది. అనుమానం వస్తే గంధకం పుల్ల వెలిగించి పైపుల వెంట తిప్పేవాడు. తెల్లటి పొగ లేచిందంటే అక్కడ లీకు ఉన్నట్టు. వెంటనే రిజిస్టరు తెచ్చి తేదీ, టైము, వాల్వు నంబరుతో సహా రాసేవాడు. "మీ ఆయనకి రోజుకో లీకు దొరక్కపోతే అన్నం సయించదే!" అని వాళ్లావిడ సువర్ణని నేనే ఏడిపించేదాన్ని. సువర్ణ మా పీలింగ్ హాల్లోనే రొయ్యలు వలిచేది.

ఆయనది కోడూరు దగ్గర పల్లె. డెబ్భై ఏడు ఉప్పెనలో అమ్మానాన్నల్ని పోగొట్టుకుని, పదిహేనేళ్ల వయసులో బందరు వచ్చి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోశాడు. మోస్తూ మోస్తూనే మిషను పని నేర్చుకున్నాడు. "గాలివాన వస్తందని ముందే చెప్పారంటండీ. మా ఊళ్లో ఒక్కళ్లూ పట్టించుకోలేదు" అనేవాడు. అందుకే కాబోలు, ఏ చిన్న తేడా కనబడినా రాయకుండా ఉండలేకపోయేవాడు.

నా పేరు వసుంధర. అక్కడ అకౌంట్స్ చూసేదాన్ని. నా నోటికి మేనేజరు కూడా జంకేవాడు. ఉన్న మాట మొహం మీదే అనేస్తానని నాకు పేరు. ఆ పేరంటే నాకు గర్వం కూడానూ.

రెండువేల రెండులో మేనేజరు కొత్త పథకం పెట్టాడు. ఏడాది మొత్తం రిజిస్టరులో ఒక్క లీకూ పడకపోతే మెషిన్ రూములో ఒక్కొక్కరికి ఆరువేల గిఫ్ట్ కార్డు. విజయవాడలో ఒక పెద్ద షాపుది, చూపిస్తే ఆ విలువకి సరుకు ఇస్తారు. మా ఆఫీసు వాళ్లకి నాలుగున్నర వేలది. ఆ అంకె మేనేజరుకి చెప్పింది నేనే. ఏడాదికి ఐదువేల లోపు అయితే ఉద్యోగి ఆదాయంలో కలపక్కర్లేదు. దాటితే జీతంతో కలిపి పన్ను కొయ్యాలి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ ఏడు రిజిస్టరు తెల్లగానే ఉంది. అమ్మోనియా కారడం మాత్రం మానలేదు. డిసెంబరులో పీలింగ్ హాలు మీదుగా వెళ్లే పైపు వాల్వు దగ్గర పుల్ల పెడితే పొగ లేచిందట. రత్తయ్య రిజిస్టరు తెరిచేసరికి తోటి ఆపరేటర్లు చుట్టుముట్టారు. "ఇంకో పది రోజులు ఆగు బావా, మా నోటికాడ కూడు తీయమాకు" అని బతిమాలారు. ఆయన ఆగాడు. నట్టు బిగించి, తడిగుడ్డ చుట్టి, రిజిస్టరు మూసేశాడు.

జనవరిలో కార్డులు పంచారు, కొత్త ఏడాదికీ అదే పథకం అన్నారు. రత్తయ్య విజయవాడ వెళ్లి సువర్ణకి మిక్సీ కొనుక్కొచ్చాడు. మార్చి జీతంలో ఆరువందల ముప్ఫై రూపాయలు కోత పడేసరికి స్లిప్పు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇదేంటండీ వసుంధర గారూ? గిఫ్టని చేతిలో పెట్టి, మళ్లీ దానికి టాక్సేంటండీ?"

పొద్దుట్నుంచీ ఇదే ప్రశ్న అడిగినవాళ్లలో ఆయన ఏడోవాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"మీ పెళ్లిరోజుకి ఇచ్చారా అండీ? పని చేసినందుకు ఇచ్చారు. డబ్బిచ్చినా కార్డిచ్చినా అది జీతం కిందే లెక్క. ఐదువేలు దాటింది, పన్ను పడింది."

"ఏం పని చేసినందుకండీ?"

ఫైలు లాగి, టాక్సు కాగితంలో ఆయన పేరు పక్కన నేను టైపు చేసిన ముక్క చదివాను. "అమ్మోనియా లీకులు లేకుండా చూసినందుకు పారితోషికం."

ఆయన మొహం పాలిపోయింది.

"లీకు లేకుండా నేను చూళ్లేదండీ. కారతంటే చూసి కూడా రాయలేదు. దానికా నాకు జీతమిచ్చింది?" అన్నాడు. "ఆ ఆరువేలూ తిరిగి కట్టేస్తానండీ, ఆ ముక్క కొట్టేయండి."

ఏడాది లెక్క మూసేశాం, కుదరదన్నాను. "ఇంకా కారుతోందా?" అని అడిగాను.

"ఎక్కువైందండీ. సరిగ్గా దాని కిందే మా సువర్ణ బల్ల."

"మరి ఇక్కడ నిలబడి నాతో టాక్సు గురించి పోట్లాడతారేంటండీ బాబూ! ముందు వెళ్లి రాయండి!" అని అరిచాను.

గబగబా వెళ్లి రిజిస్టరు తెచ్చాడు. నా బల్ల మీదే, నా పెన్నుతోనే రాశాడు. వాల్వు నంబరు సరిగ్గా పడిందో లేదో నేనే పైకి చదివి చూశాను.

మర్నాటికి మెషిన్ రూములో కొత్త రిజిస్టరు ఉంది. పాతదాని అట్ట చిరిగిందని మార్చారట. వాల్వు సంగతి సీజను అయ్యాక చూద్దామన్నాడట మేనేజరు. రత్తయ్య వచ్చి ఈ మాట చెబితే, "నేను మాట్లాడతాను లెండి" అన్నాను. మాట్లాడలేదు. ఆ వారం ఆడిటు ఉందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, నా ప్రమోషను కాగితం మేనేజరు బల్ల మీద సంతకం కోసం ఉంది.

ఏప్రిల్ రెండో వారంలో, మధ్యాహ్నం అన్నాలకి లేచే వేళ, ఆ వాల్వు ఊడిపోయింది. హాలంతా తెల్లటి ఆవిరి కమ్మేసింది. ఆడవాళ్లు కేకలు పెడుతూ ఒకరినొకరు తోసుకుంటూ బయటపడ్డారు. రత్తయ్య మొహానికి తడి తువ్వాలు కట్టుకుని లోపలికి దూరి సువర్ణని భుజాన వేసుకొచ్చాడు. ప్రాణం దక్కింది. కళ్లు దక్కలేదు.

మే నెలలో మా ఆఫీసు గదిలోనే విచారణ జరిగింది. ఫ్యాక్టరీల శాఖ నుంచి వచ్చిన ఆఫీసరు ముందు రెండు కాగితాలే ఉన్నాయి. ఒకటి ఏమీ రాయని రిజిస్టరు. రెండోది నేను టైపు చేసిన టాక్సు కాగితం.

"లీకులు లేకుండా చూసినందుకు డబ్బు తీసుకున్నావు. దానికి పన్ను కూడా కట్టావు. మరి ఈ తప్పెవరిదయ్యా?" అని ఆఫీసరు అడిగాడు.

"మార్చిలో రాశానండీ. ఆ పుస్తకం మార్చేశారు. నేను రాసింది వసుంధర గారి బల్ల మీదే. ఆవిణ్ణి అడగండి, ఆవిడ అబద్ధం చెప్పరు" అన్నాడు రత్తయ్య.

అందరూ నా వైపు చూశారు. మేనేజరు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కళ్లకి కట్టుతో సువర్ణ గోడవార కుర్చీలో కూర్చుని ఉంది.

"టాక్సు గురించి అడిగారండి, అంతే. ఆయన రాయడం నేను చూడలేదు" అన్నాను. సిగ్గులేనిదాన్ని, ఎక్కడా తడబడకుండా చెప్పాను.

సువర్ణ తల మెల్లగా నా వైపు తిప్పింది.

"ఎవరండీ ఆ మాట్లాడింది? వసుంధర గారేనా?"

ఆఫీసరు అవునన్నాడు.