అత్త వెలిగించిన ఐదు చుక్కలు

మా మేనత్త పోయిన నెల కన్నుమూసింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుని అలాగే తల వాల్చేసిందట. ఫోను వచ్చినప్పుడు నేను సూళ్లూరుపేటలో ఒక పెళ్లి మండపంలో గిటార్ శ్రుతి చేసుకుంటున్నాను. ఆ గిటార్ గురించి చెబితే అత్త గురించి చెప్పినట్టే.

అల్లూరు చుట్టుపక్కల రొయ్యల గుంటల మోటార్లకు కరెంటు పని చేసేది అత్త. మామయ్య పోయాక ఆయన పెట్టిన రిపేరు షాపు మూసేస్తుందనుకున్నారు అందరూ. ఆమె మాత్రం కొంగు బొడ్లో దోపుకొని, కళ్లజోడుకు దారం కట్టుకొని గుంటగట్ల మీద తిరిగింది. ఏ వైరు కలిపినా మూడుసార్లు లాగి చూసేది. "ఊడేదైతే ఇప్పుడే ఊడనీ. రేపు నీళ్లల్లో ఊడితే మనిషి పోతాడు" అనేది.

నేను పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తాను. దాని మోత అత్తకు నచ్చేది కాదు, కప్ప గొంతు అనేది. నాకు చిన్నప్పటి నుంచి మసక వెలుతురులో చూపు ఆనదు. ఏ స్వరం ఎక్కడుందో తెలియడానికి గిటార్ మెడ అంచున ఐదు చోట్ల తెల్ల చుక్కలుంటాయి. వేదిక మీద లైట్లు తగ్గిస్తే నాకవి కనబడవు. ఒక రిసెప్షన్‌లో పాట మధ్యలో నా వేళ్లు రెండు మెట్లు పక్కకు జారాయి. పాడుతున్న అమ్మాయి ఆగిపోయింది. మర్నాడు ఆర్కెస్ట్రా నడిపే ఆయన మర్యాదగానే చెప్పాడు, విడవలూరు పెళ్లి తర్వాత వేరే మనిషిని చూసుకుంటానని.

అత్త దగ్గరికి పోయి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు.

"ఆ చుక్కలు వెలిగితే కనబడతాయా?"

"కనబడతాయి."

"మరెందుకు ఏడస్తుండావు పాపా? గిటార్ ఇట్టా తే."

చుక్కలున్న చోట సన్నటి రంధ్రాలు చేసి, బియ్యపుగింజంత ఎల్‌ఈడీలు పెట్టి, వెంట్రుకలాంటి రాగి తీగను అంచు వెంట గాడిలో దాచాలని ఆమె ఆలోచన. పాత చెక్క మీద నాలుగు రోజులు చేసి చూసింది. నా గిటార్‌కు మూడు రంధ్రాలు బాగానే పడ్డాయి. నాలుగోదానికి డ్రిల్ జారి, చిటికెన వేలు పొడుగున చెక్క చీలింది. నేను కెవ్వుమన్నాను. అత్త డ్రిల్ కింద పెట్టింది. మోటారు కాలిపోయినా తన తప్పని ఒప్పుకునే మనిషి కాదు.

"తప్పు నాదే పాపా. తొందరపడ్డా" అంది. కాసేపటికి చీలికను వేలితో తడిమి, "చీలిందే గానీ విరగలేదు గదా, లెయ్" అంది.

పడవలు చేసే వడ్రంగి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన జిగురు పట్టించి, బిగించి, రెండు రోజులు కదిలించొద్దన్నాడు. ఆ రెండు రోజులూ పొద్దునా సాయంత్రం పోయి చూసొచ్చింది అత్త. మూడో రోజు మిగతా పని ముగించింది. వెలిగిస్తే వెలుతురు కళ్లల్లో గుచ్చుకుంది. "ఇంతెందుకు? వేలు పెట్టే చోటు తెలిస్తే చాల్లే" అని తగ్గించింది.

విడవలూరు పెళ్లికి సంచిలో తీగలు అతికించే సోల్డరింగ్ ఐరన్ పెట్టుకుని తనూ వచ్చింది. లైట్లు తగ్గాయి. భయపడుతూ తల వంచి చూశాను. ఐదు ఆకుపచ్చ చుక్కలు వరసగా ఉన్నాయి. ఆ సాయంత్రం ఒక్క మెట్టు తప్పలేదు. ఆర్కెస్ట్రా ఆయన మళ్లీ వేరే మనిషి ఊసెత్తలేదు.

"ఎట్టా ఉండాది అత్తా?" అనడిగాను.

"నీ కప్ప బాగానే అరిచింది" అంది, నవ్వు దాచుకుంటూ.

ఆ తర్వాత ఇలాంటి దీపాలు పెట్టమని నెల్లూరు నుంచి కూడా గిటార్లు వచ్చాయి. అత్త ఐరన్ నా చేతికిచ్చి, పక్కన కూర్చుని చూసేది. పగటి వెలుతురులో నా చూపుకు ఇబ్బంది లేదు. నేను అతికించిన ప్రతి తీగనూ అత్త మూడుసార్లు లాగి చూసేది.

పెద్దకర్మ అయిన మర్నాడు షాపు తెరిచాను. కోవూరు నుంచి ఒక టీచరమ్మ గిటార్ పట్టుకుని వచ్చింది. చర్చిలో బేస్ వాయిస్తుందట. అత్త లేదని ఆమెకు తెలియదు. చెప్పగానే గిటార్ తీసుకుని వెళ్లబోయింది.

"ఉండక్కా, నేను చేస్తా" అన్నాను.

మధ్యాహ్నానికి మొదటి దీపం అమర్చి స్విచ్ వేశాను. ఎండలో అది వెలిగిందో లేదో తెలియలేదు. టీచరమ్మ వంగి, రెండు అరచేతులూ దానిచుట్టూ గూడులా పట్టింది. ఇద్దరం తలలు ఆనించి లోపలికి చూశాం. ఆ కాస్త నీడలో, ఆమె వేళ్ల లోపలంతా పచ్చగా ఉంది.