వీణకు బిగించిన లారీ అద్దం

పటమటలో సుబ్బరత్నం టీచరుగారు తోడి రాగం వాయిస్తే పుట్టుచెవిటివాడు కూడా తొడ మీద తాళం వేసేవాడు. నమ్మకపోతే మీ ఖర్మ.

డెబ్భై నాలుగులో ఆవిడ మా బడిలో సంగీతం టీచరు. మా బడి అన్నానే గానీ అప్పటికే నేను దాన్ని వదిలేశాను. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నాకు చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏమీ మిగల్లేదు. అందుకని ఆటోనగర్‌లో లారీలకు అద్దాలు బిగించే పనిలో చేరాను. నేను బిగించిన అద్దంలో వెనకొచ్చే లారీ డ్రైవరు మీసమే కాదు, మీసంలో తెల్ల వెంట్రుక కూడా కనిపించేది.

టీచరుగారు నేల మీద చాప పరుచుకుని వీణ వాయించేవారు. పిల్లలు బెంచీల మీద కూర్చునేవారు. ముందు వరసవాళ్ళకు తప్ప మిగతావాళ్ళకు ఆవిడ కొప్పు ఒక్కటే కనిపించేది. కొప్పులోంచి వచ్చే సంగీతాన్ని ఎంతసేపని వింటారు? ఒక్కొక్కడే కిటికీ దూకి పోయేవాడు. హెడ్మాస్టరు వెంకటసుబ్బారావు గారు చూసి చూసి ఒకనాడు తేల్చేశారు.

"శుక్రవారం కూడా క్లాసు ఇలాగే ఖాళీ అయితే ఈ పీరియడు లెక్కలకిచ్చేస్తానమ్మా. ఆపైన మిమ్మల్ని ఉంచుకోవడం నా చేతుల్లో లేదండి."

ఆవిడ వీణతో సహా బల్లెక్కి చూశారు. మా బడి బల్లలకు నాలుగు కాళ్ళూ సమానంగా ఉండే ఆచారం లేదు. వీణది ఒక తాళం, బల్లది ఒక తాళం అయింది. దిగిపోయారు. గురువారం నేరుగా మా షెడ్డుకే వచ్చారు.

"ఏరా జాన్‌బాబూ, లారీకి పెట్టే అద్దం నా వీణకి పెట్టగలవా?"

"వీణకి రివర్సు గేరెక్కడుందండీ టీచరుగారూ?"

"నీ వేళాకోళం తర్వాత. వెనక బెంచీవాడిక్కూడా నా వేళ్ళు కనపడాలి."

"వేళ్ళేంటండీ, గోళ్ళల్లో మట్టి కూడా కనపడుద్ది."

"నా గోళ్ళల్లో మట్టుండదు. పద."

షెడ్డులో ఉన్నవాటిలోకెల్లా వెడల్పాటి అద్దం తీసుకెళ్ళి, ఆవిడ కూర్చునే చోటికి ఎదురుగా పైన దూలానికి ఏటవాలుగా బిగించాను. శుక్రవారం కిటికీ దగ్గర నిలబడి నా ప్రతాపం నేనే చూసుకున్నాను. నిన్నటిదాకా పిల్లలు ఆవలిస్తూ విన్న రాగమే. ఆవిడ తీగ లాగుతుంటే నలభై జతల భుజాలు దాంతోపాటు వంగాయి. ఒక్కడు కిటికీ వైపు కదిలితే ఒట్టు. హెడ్మాస్టరుగారు వెనక బెంచీలో కూలబడి, గంట కొట్టినా లేవలేదు. పీరియడు నిలిచింది, టీచరుగారూ నిలిచారు. సంగీతాన్ని చెవికంటే ముందు కంటికి పెట్టాలని బెజవాడకు నేర్పినవాణ్ణి నేనే.

ఇదంతా రాసి ఆవిడకే చదివి వినిపించాను. కళ్ళజోడు తుడుచుకుంటూ ఆవిడ అన్నది అన్నట్టే ఇక్కడ పెడుతున్నాను.

"శుక్రవారం నా వేళ్ళు ఎవరికీ కనపడలేదు. వీడు అలవాటుకొద్దీ అద్దం డ్రైవరుకి బిగించినట్టు బిగించాడు. వెనక బెంచీలన్నీ నాకు కనపడ్డాయి. ఆ సంగతి తెలిసి పిల్లలు భయంతో కూర్చున్నారు. సోమవారం నేనే కర్రతో అద్దం కిందికి వంచుకున్నాను. భుజాలు ఊగింది ఆ రోజు."